నొప్పి తగ్గింది, చెప్పు జారుతోంది

ప్రశ్న: అక్కా, మాది ఉప్పల్. మా ఆయనకి 39 ఏళ్ళు. సొంత కారు, ట్యాక్సీ నడుపుతారు, ఎక్కువగా ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు. రెండు నెలల కిందట డిక్కీలోంచి ఎవరిదో పెద్ద సూట్‌కేసు దించుతుంటే నడుం కలుక్కుమంది. మర్నాటి నుంచి కుడి పిర్ర దగ్గర మొదలై పిక్క పక్కగా పాదం దాకా ఒకటే లాగుడు, కరెంటు కొట్టినట్టు. మాత్రలు వాడాం, తగ్గలేదు. ఎంఆర్‌ఐ తీయిస్తే ఎల్ 4–ఎల్ 5 దగ్గర, అంటే నడుం నాలుగో, ఐదో పూసల మధ్య, డిస్క్ బయటికి వచ్చి కుడివైపు నరాన్ని నొక్కుతోందని రాశారు. ఒక ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేస్తాం, చిన్న రంధ్రమే, పొద్దున వచ్చి సాయంత్రం నడిచి వెళ్ళొచ్చు, రెండు రోజుల్లో కారు తోలుకోవచ్చు అన్నారు. ఇంకో చోట మైక్రోస్కోపుతో కోసి చేసేదే నమ్మకం అన్నారు. మా అత్తమ్మ మాత్రం వెన్ను మీద కత్తి పడితే మనిషి మంచాన పడతాడని ఒకటే ఏడుపు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు ఒకడున్నాడు, వాడు నడుం మీద మూడుసార్లు తన్నితే పట్టు వదులుతుందని, పిలిపిస్తానంటోంది. వారం నుంచి నొప్పి కాస్త తగ్గింది కూడా. కాకపోతే నడుస్తుంటే కుడికాలి చెప్పు తెలియకుండానే జారిపోతోంది. కొత్తవి కొన్నాం, అవీ అంతే. కారు ఈఎంఐ ఉంది కాబట్టి దగ్గర ట్రిప్పులకి వెళ్తున్నారు. పోయినేడాది హెల్త్ పాలసీ తీసుకున్నాం. దసరా గిరాకీ అయ్యాక ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నాం. ఎండోస్కోపీ మంచిదా, కోసి చేసేది మంచిదా?
— ఒక చెల్లెలు, ఉప్పల్

సమాధానం:

అమ్మా, మీ మెయిల్ చదివిన పూటే నాలుగు లైన్లు జవాబు పంపాను, ఈ శీర్షిక వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి. మిగతా వివరం ఇక్కడ రాస్తున్నాను, ఇలాంటి ఇబ్బందే ఉన్న మరో ఇంటికి కూడా పనికొస్తుందని.

మీరు ఎండోస్కోపీ గురించి అడిగారు. దానికి తప్పకుండా వస్తాను. కానీ మీ ఉత్తరంలో నన్ను కుర్చీలోంచి లేపిన మాట అది కాదు, ఆ చెప్పు. చెప్పు వదులైతే రెండు కాళ్ళదీ జారుతుంది. కొత్తది కొన్నాక కూడా ఒక్క కుడికాలిదే జారుతోందంటే తప్పు చెప్పుది కాదు. హవాయి చెప్పు కాలిని పట్టుకుని ఉండదమ్మా, మన కాలే దాన్ని పట్టుకుని ఉంటుంది. అడుగు లేపిన ప్రతిసారీ చీలమండ దగ్గర పాదం పైకి వంగుతుంది, బొటనవేలు బిగుసుకుంటుంది. ఆ పని చేయించే నరం చాలావరకు ఎల్ 5. ఎల్ 4–ఎల్ 5 మధ్య డిస్క్ జారితే సాధారణంగా నలిగేది అదే నరం. మీ రిపోర్టూ, మీ ఆయన చెప్పూ ఒకే మాట చెబుతున్నాయి.

ఈ సాయంత్రం ఇంట్లోనే ఒకసారి చూడండి. ఆయన్ని గోడ పట్టుకుని మడమల మీద నాలుగు అడుగులు నడవమనండి, వేళ్ళు నేలకి తగలకుండా. కుడి పాదం ముందుభాగం కిందికి వాలిపోతోందా? తర్వాత మంచం మీద కూర్చోబెట్టి, రెండు బొటనవేళ్ళనీ తనవైపుకి బిగించి లేపమనండి. మీరు ఒక వేలితో వాటిని కిందికి నొక్కండి. ఎడమది మిమ్మల్ని ఎదిరిస్తుంది. కుడిది మెత్తగా ఒరిగిపోతే కండరాల బలం తగ్గిందని అర్థం. డాక్టరు దీన్నే 0 నుంచి 5 దాకా అంకెల్లో రాస్తారు, 5 అంటే మామూలు బలం. 3 కంటే కిందికి పడిపోతే పాదం తన బరువు తాను కూడా లేపుకోలేదు.

నొప్పి తగ్గింది కదా అంటారు. ఇక్కడే నేను ఒకసారి దారుణంగా పొరపాటు పడ్డాను. 2011లో మా అన్నయ్యకి ఇదే వచ్చింది. అప్పటికి నేను ఫిజియోథెరపిస్టుగా తొమ్మిదేళ్ళు పని చేసి ఉన్నాను. రోజూ ఫోన్ చేసి అడిగేదాన్ని, ఎలా ఉందిరా అని. ‘బాగా తగ్గింది, మాత్ర కూడా మానేశా’ అనేవాడు. సంతోషించాను. ఓ శుభకార్యంలో హాల్లో వాడు నడిచొస్తుంటే టప్ టప్‌మని ఒక పాదం నేలకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. పొద్దుటి నుంచి నిలబడి అలిసిపోయాడనుకున్నాను. అది పాదం వాలిపోతున్న చప్పుడు. నలిగి నలిగి నరం నొప్పి చెప్పడం కూడా మానేస్తుందని పుస్తకంలో చదివినదాన్నే, ఇంట్లో మనిషి దగ్గర గుర్తుకు రాలేదు. నాలుగు నెలలు గడిచాక ఆపరేషన్ అయింది. కాలు లాగడం పూర్తిగా పోయింది కానీ పాదంలో బలం సగమే తిరిగొచ్చింది. ఇవాళ్టికీ బూటులో ప్లాస్టిక్ పట్టీ వేసుకుంటాడు, మెట్లెక్కేటప్పుడు కుడి మోకాలు అవసరానికి మించి లేపుతాడు. వాడు ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. నేనే మర్చిపోలేకపోతున్నాను.

నొప్పి తగ్గుతూ, తిమ్మిరీ తగ్గుతూ, బలం పెరుగుతుంటే అది కోలుకోవడం. నొప్పి తగ్గుతూ బలం కూడా తగ్గుతుంటే అది కోలుకోవడం కాదు. ఈ తేడా తేల్చాల్సింది ఎంఆర్‌ఐ ఫిల్ము కాదు, కాలిని పట్టుకుని పరీక్ష చేసే డాక్టరు. కాబట్టి దసరా దాకా కాదు, రెండు మూడు రోజుల్లోపే వెన్నెముక ఆపరేషన్లు చేసే న్యూరోసర్జన్‌కో ఆర్థోపెడిక్ సర్జన్‌కో చూపించండి. వెళ్ళగానే ‘నడుం నొప్పి’ అనకండి. ‘పాదం బలం తగ్గింది, చెప్పు జారుతోంది’ అనండి. ఆ ఒక్క మాటతో చూసే తీరు మారుతుంది.

ఈలోగా మూత్రం రాకుండా బిగబట్టినట్టయినా, తెలియకుండా పోతున్నా, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారినా, రెండు కాళ్ళూ బలహీనపడినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి. 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఆయన కారు నడపడం మాత్రం ఇవాళే ఆపాలి. బలం తగ్గింది కుడికాలిలో. యాక్సిలరేటర్ మీద నుంచి బ్రేకు మీదికి కాలు మార్చాలంటే ముందు పాదం పైకి లేవాలి, అది లేపే కండరమే ఇప్పుడు సరిగా పని చేయట్లేదు. చెప్పు జారినట్టే బ్రేకు దగ్గర పాదం జారితే? దానికి తోడు నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటి మాత్రలతో మగత వస్తుంది. మాత్రల స్ట్రిప్పు వెనక ఏం రాసుందో ఒకసారి చూడండి. మీ ఈఎంఐ బాధ నాకు అర్థమవుతుంది. తెలిసిన యాక్టింగ్ డ్రైవర్‌ని రోజు బత్తా మీద పెట్టి రెండు మూడు నెలలు కారు తిప్పగలరేమో చూడండి. ఫైనాన్స్ కంపెనీకి ఆస్పత్రి కాగితాలు చూపించి వాయిదా అడగండి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, కానీ కిస్తీ తప్పాక అడగడం కంటే ముందే అడిగితే వింటారు.

ఇప్పుడు అత్తమ్మ గారి సంగతి. ఆవిడని కోప్పడకండి. ఆవిడ చూసిన రోజుల్లో వెన్ను ఆపరేషన్ అంటే నిజంగానే పెద్ద కోత, నెలల తరబడి మంచం. జారిన డిస్క్ వల్ల కాలు లాగుతుందని, దాన్ని తీసేస్తే తగ్గుతుందని అమెరికాలోని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు ప్రపంచానికి చెప్పింది 1934లో. మైక్రోస్కోపు పెట్టి చిన్న కోతతో చేయడం 1970ల చివరికి గానీ రాలేదు. ఆవిడకి ఇంకో మాట కూడా చెప్పండి. వెన్నుపాము మెడ నుంచి తోక దాకా ఉండదు, పెద్దవాళ్ళలో నడుం పూసల్లో మొదటిదీ రెండోదీ ఉన్న చోటే అది అయిపోతుంది. మీ ఆయన డిస్క్ జారింది నాలుగో పూస కింద. అక్కడ ఉండేది వెన్నుపాము కాదు, జడ చివర కుచ్చులా విడిపోయిన నరాలు. వాటికి దెబ్బ తగలదని కాదు, ఎంత మంచి చేతిలోనైనా కొంత ప్రమాదం ఉంటుంది. కానీ ‘కత్తి పడితే రెండు కాళ్ళూ పడిపోతాయి’ అనే భయానికి ఈ చోట పెద్దగా ఆధారం లేదు.

ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని మాత్రం గడప దాటనివ్వకండి. మామూలుగా కండరం పట్టేసినప్పుడు ఎవరు తొక్కినా రెండు రోజుల్లో తగ్గుతుంది, అసలు తొక్కకపోయినా తగ్గుతుంది. ఆ నమ్మకం అలాగే నిలబడింది. ఇక్కడ పట్టేసింది కండరం కాదు. డిస్క్ ముక్క బయటికి వచ్చి నరం మీద కూర్చుంది. దాని మీద తన్నితే ఆ ముక్క లోపలికి వెళ్ళదు, ఇంకాస్త బయటికి రావచ్చు. నూనె పెట్టి గట్టిగా మర్దనా చేసేవాళ్ళకీ, నడుం పట్టుకుని టక్కున తిప్పేవాళ్ళకీ ఇదే మాట.

డిస్క్ అంటే ఏమిటో ట్యాక్సీ నడిపే ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. పాత టైరు ఒకచోట చీలితే లోపలి ట్యూబు ఆ చీలికలోంచి బుడగలా ఉబ్బుతుంది చూడండి, అదే. పూసల మధ్య ఉండే డిస్క్‌కి బయట గట్టి నారపొర, లోపల జెల్లీ లాంటి పదార్థం. నడుం వంచి, పక్కకి తిరుగుతూ, చేతులు ముందుకు చాచి బరువు లేపినప్పుడు ఆ నారపొర మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. డిక్కీలోంచి విమానం ప్రయాణికుల సూట్‌కేసు దించడం సరిగ్గా ఆ భంగిమే. 23 కిలోల సూట్‌కేసులు రోజుకి ఎన్ని దించుతారో ఆయన్నే అడగండి.

ఈ ఉత్తరం చదివి మడమల మీద చక్కగా నడవగలిగినవాళ్ళు కంగారుపడి ఆపరేషన్‌కి పరుగెత్తకూడదు. డిస్క్ జారి కాలు లాగుతున్నవాళ్ళలో ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బయటపడ్డ ముక్కని మన ఒంట్లోని కణాలే కొద్దికొద్దిగా తినేస్తాయి. పెద్ద ముక్కలే తరచూ ఎక్కువగా కరిగిపోతాయి కూడా. నొప్పి ఏమీ లేని నలభై ఏళ్ళ వాళ్ళకి స్కాన్ తీసినా సగం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో అచ్చయిన ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది. అందుకే రిపోర్టులో ‘బల్జ్’ అని ఉందని ఆపరేషన్ టేబుల్ ఎక్కకూడదు.

నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా (నడుం దగ్గర నరం నలిగి కాలు లాగడం) రోగులతో చేసిన పరిశీలన 2007లో వచ్చింది. ఆరు నుంచి పన్నెండు వారాలుగా బాధపడుతున్నవాళ్ళని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే ఆపరేషన్, రెండో గుంపు ఆగి చూడటం. ఆపరేషన్ అయినవాళ్ళకి నొప్పి తొందరగా తగ్గింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆగి చూసిన గుంపులో 100కి 39 మంది మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు, మిగిలినవాళ్ళకి అవసరమే రాలేదు. మీరు గమనించాల్సింది ఇంకొకటి. పాదాన్ని పైకి లేపలేనంత బలహీనత ఉన్నవాళ్ళని ఆ పరిశీలనలోకి అసలు తీసుకోలేదు. ‘ఆగితే తగ్గుతుంది’ అన్న మాట వాళ్ళకి వర్తించదు. మీ ఆయన ఏ వైపున ఉన్నారో ఆ 0 నుంచి 5 అంకె చెబుతుంది. కొద్దిపాటి బలహీనతే, పెరగట్లేదు అని తేలితే కొందరు డాక్టర్లు వారం వారం పరీక్షిస్తూ ఆగుతారు, అది కూడా తప్పు కాదు. పెరుగుతుంటే ఆగరు.

ఇక మీరు అడిగిన ఎండోస్కోపీ.

ఎల్ 4–ఎల్ 5 డిస్క్‌కి ఎండోస్కోపీ చాలావరకు పక్క నుంచి చేస్తారు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, నడుం మధ్యగీత నుంచి నాలుగైదు అంగుళాల పక్కన చర్మం మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు. సుమారు 8 మిల్లీమీటర్ల గాటు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ ముందు సన్నని సూది, దాని మీదుగా గొట్టం, చివరికి కెమెరా ఉన్న ఎండోస్కోపు పంపుతారు. నరం వెన్నులోంచి బయటికి వచ్చే సహజమైన కిటికీ ఒకటుంది, దారి అదే. కండరాన్ని ఎముక మీద నుంచి ఒలిచే పని ఉండదు. లోపల సెలైన్ నీళ్ళు పారుతూ ఉంటే, ఆ నీళ్ళలో నరం, కొవ్వు, డిస్క్ ముక్క టీవీలో పెద్దగా కనిపిస్తాయి. సన్నని పట్టుకారుతో ముక్కని పట్టి లాగుతారు. ఒకసారి ఒక సర్జన్ గారు నాకు సీసాలో వేసి చూపించారు. ఉడికిన పీత కండలా, తెల్లగా పీచుపీచుగా, చిటికెన వేలి గోరంత ఉంది. ఆ కాస్త ముక్క మూడు నెలలు ఒక మనిషిని పడుకోనివ్వలేదు.

ఈ పద్ధతిలో పేషెంటు చాలాసార్లు మెలకువగానే ఉంటాడు, కాస్త మత్తు ఇస్తారంతే. పనిముట్టు నరానికి దగ్గరగా వెళ్తే ‘డాక్టర్ గారూ, కాలు లాగుతోంది’ అని తనే చెప్పగలడు. నాకు ఇది పెద్ద రక్షణ అనిపిస్తుంది. బాగా భయస్తులకి మాత్రం కష్టం, అలాంటివాళ్ళు ముందే చెబితే పూర్తి మత్తు గురించి ఆలోచిస్తారు. ఎల్ 5–ఎస్ 1 (నడుం చివరి పూస కింద ఉండే డిస్క్) అయితే తుంటి ఎముక అడ్డొస్తుంది కాబట్టి వెనక నుంచి వెళ్ళడం ఎక్కువ, దానికి పూర్తి మత్తు ఇవ్వడం మామూలే.

మైక్రోస్కోపు పద్ధతిలో నడుం మధ్యన రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాన్ని పక్కకి జరిపి, కొద్దిగా ఎముక తీసి, నరాన్ని నెమ్మదిగా పక్కకి పట్టి ముక్కని తీస్తారు. దశాబ్దాలుగా నిలబడ్డ పద్ధతి. దాన్ని ‘పాతది’ అని చిన్నచూపు చూడొద్దు. రెంటినీ పక్కపక్కన పెట్టి 613 మంది మీద నెదర్లాండ్స్‌లోనే చేసిన పరిశీలన 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఏడాది తర్వాత కాలు నొప్పి తగ్గడంలో ఎండోస్కోపీ మైక్రోస్కోపు పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు. కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముక్క ఎక్కడుందో దాన్నిబట్టి రెండూ కుదిరేటట్టయితే, ఆ సర్జన్ చేతికి ఏది బాగా అలవాటో అదే మీ ఆయనకి మంచిది. ఎండోస్కోపీ నేర్చుకోవడం కష్టం. మొదట్లో ముక్క కొంత లోపల వదిలేయడం, నరం కందిపోయి కాలు మండటం లాంటివి ఎక్కువ అవుతాయి. రంధ్రం ఎంత చిన్నదన్నది కాదు, ఆ రంధ్రంలోంచి ఆ డాక్టరు ఎన్నిసార్లు వెళ్ళొచ్చారన్నది ముఖ్యం.

అది మొహమాటపడకుండా అడగండి. నెలకి ఇలాంటివి ఎన్ని చేస్తారు? నా ఆపరేషన్ మీరే చేస్తారా? ఎండోస్కోపుతో ముక్క అందకపోతే అప్పటికప్పుడు మైక్రోస్కోపుతో చేయగలరా? ముక్క బాగా కిందికో పైకో జారిపోయినా, ఎముక పెరిగి దారి ఇరుకైనా, పూస కదులుతున్నా ఎండోస్కోపీ అందరి చేతుల్లో కుదరదు. మీ ఆయన ఫిల్ములో అలాంటివేమైనా ఉన్నాయా అని అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి చిరాకుపడరు. నేను చూసినవాళ్ళలో నిజంగా పనితనం ఉన్నవాళ్ళు పెన్ను తీసుకుని బొమ్మ గీసి మరీ చెప్పారు.

ఎస్టిమేట్ కాగితం మీద స్క్రూలు, రాడ్లు, కేజ్ (పూసలని కలిపి బిగించే సామాను) అని ఉంటే ఆగి అడగండి, ఎందుకని. మొదటిసారి జారిన డిస్క్ ముక్క తీయడానికి సాధారణంగా అవేవీ అక్కర్లేదు. పూస పక్కకి జరిగితేనో, కదులుతుంటేనో వేస్తారు. ఆ మాట రిపోర్టులో ఉండాలి, లేకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి. ‘లేజర్‌తో కరిగిస్తాం’ అనే ప్రకటనలు చూసి కూడా వెళ్ళకండి. పూర్తిగా విడిపోయి నరం మీద కూర్చున్న ముక్కని ఎవరో ఒకరు పట్టి బయటికి తీయాల్సిందే.

డబ్బు విషయం. పోయినేడాది తీసుకున్న పాలసీ అన్నారు. చాలా పాలసీల్లో డిస్క్ జారడానికి రెండేళ్ళ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, యాక్సిడెంట్ వల్ల అయితే తప్ప. పాలసీ పుస్తకంలో ‘నిర్దిష్ట వ్యాధులు’ అన్న జాబితా తీసి చూసుకోండి. కింద పడ్డాడని రాయించండి, అది యాక్సిడెంట్ అవుతుంది అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. క్లెయిము పోతుంది, పాలసీ కూడా పోవచ్చు. మీకు రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో కుటుంబానికి పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఏ ఆస్పత్రిలో, ఏ పద్ధతికి వర్తిస్తుందో ఆస్పత్రి ముందుభాగంలో కూర్చునే ఆరోగ్యమిత్ర చెబుతారు. నిమ్స్ అసలు ఎముకల ఆస్పత్రిగానే మొదలైంది. అక్కడ న్యూరోసర్జరీ, ఆర్థోపెడిక్స్ రెండూ ఉన్నాయి. గాంధీ, ఉస్మానియాల్లో కూడా ఈ విభాగాలున్నాయి. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. ఓపీలో ‘పాదం పడిపోతోంది’ అని గట్టిగా చెప్పండి. ఎండోస్కోపీ అందుబాటులో లేక, మైక్రోస్కోపుతో ఈ వారమే చేస్తామంటే, ఎండోస్కోపీ కోసం నెల ఆగకండి. బలం తగ్గిన నరానికి పద్ధతి కంటే రోజులు ముఖ్యం.

‘రెండు రోజుల్లో కారు తోలుకోవచ్చు’ అన్న మాట మీద నాకు నిజంగా కోపం వచ్చింది. సాయంత్రం నడిచి ఇంటికి వెళ్ళడం నిజమే, చాలామంది వెళ్తారు. కుట్టు ఒకటో రెండో. కాలు లాగడం కొందరికి బల్ల మీదే మాయమవుతుంది. కానీ డిస్క్ నారపొరలో పడ్డ చీలిక రెండు రోజుల్లో అతుక్కోదు. ఆపరేషన్ అయిన 100 మందిలో సుమారు 5 నుంచి 10 మందికి అదే చోట మళ్ళీ జారుతుంది, ఎండోస్కోపీ అయినా మైక్రోస్కోపు అయినా. మొదటి వారాలు అందుకే జాగ్రత్తగా ఉండాలి.

మొదటి రోజు నుంచే నడవాలి, ఐదేసి పదేసి నిమిషాలు, గల్లీలో ఆ చివర నుంచి ఈ చివరకి. ఒకేసారి ఇరవై ముప్ఫై నిమిషాలకి మించి కూర్చోకూడదు. కిందికి వంగడం, నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయడం, ఇండియన్ లెట్రిన్‌లో కూర్చోవడం కొన్నాళ్ళు వద్దు. ఇంట్లో కమోడ్ లేకపోతే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ దొరుకుతుంది, ఆపరేషన్‌కి ముందే తెచ్చి పెట్టుకోండి. గ్యాస్ సిలిండర్ ఆయన చేత జరిపించకండి. సిగరెట్టో గుట్కానో అలవాటుంటే మానడానికి ఇదే సమయం. పొగాకు డిస్క్‌కి అందే కాస్త పోషణని కూడా తగ్గిస్తుంది.

తిమ్మిరి, బలం ఆలస్యంగా వస్తాయి. వారాలు, ఒక్కోసారి నెలలు. నొప్పి పోయింది, పాదం ఇంకా లేవట్లేదు, ఆపరేషన్ ఫెయిలయిందని మా దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్ళు ఎందరో. నరం దాని వేగంతోనే కోలుకుంటుంది. ఆలోగా పాదం బిగుసుకుపోకుండా చూడటం, వేళ్ళు లేపే కండరానికి వ్యాయామం, అవసరమైతే కొన్నాళ్ళు పట్టీ, ఇదంతా ఫిజియోథెరపీ పని. ఆపరేషన్ ఖర్చులో దీనికి కూడా కొంత పక్కన పెట్టుకోండి. అందరూ మర్చిపోయేది ఇదే.

కారు ఎప్పుడు? లోకల్ ట్రిప్పులకి నాలుగు నుంచి ఆరు వారాలు అనుకోండి, పాదం బలం వచ్చిందని డాక్టరు చేత్తో నొక్కి చూసి చెప్పాకే. నిలిపి ఉన్న కారులో కూర్చుని బ్రేకు మీద కాలు పదిసార్లు గట్టిగా తొక్కి, గబగబా మార్చి చూడమనండి, తడబాటు లేకుండా వస్తోందా అని. గతుకుల రోడ్డు మీద గంటల తరబడి కూర్చోవడం చివరికి చేరాల్సిన పని. ఉప్పల్‌లో ఉన్నారు, నారపల్లి వైపు రోడ్డు గురించి మీకు నేను చెప్పాలా. సీటు వెనక్కి వాలి ఉంటే నిటారుగా చేయించండి, వెనక జేబులో పర్సు తీసేయించండి. సూట్‌కేసుల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. మొహమాటపడి డిక్కీ దగ్గరికి పరుగెత్తకుండా, ‘సార్, నడుం ఆపరేషన్ అయింది, ఒక చెయ్యి వేయండి’ అనడం ఆయన నేర్చుకోవాలి. చాలామంది వేస్తారమ్మా.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎంఆర్‌ఐ రిపోర్టు ఒక్కటే కాకుండా ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్ళండి, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు కూడా. ఒక కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. ఒకటి సూట్‌కేసు దించిన రోజు. రెండోది చెప్పు మొదటిసారి జారిన రోజు. ఈ రెండోది ఆయనకి గుర్తుండకపోవచ్చు, కొత్త చెప్పులు కొన్న బిల్లు ఉందేమో చూడండి, దానికి రెండు మూడు రోజుల ముందన్నమాట. సర్జన్ ముందుగా అడిగేది ఆ తేదీనే.